బాలల కథలలో దాగిన పిల్లలు – ఒక చరిత్ర



గడచిన విద్యా సంవత్సరం చివరి వారంలో ఒక తల్లి మా బడికి వచ్చారు. తరగతి ముగిసేదాకా వేపచెట్టు క్రింద నిలిచి, పిల్లలందరూ వెళ్లిపోయిన తరువాతనే నా దగ్గరకు వచ్చారు. ఆమె హోసూరు ప్రాంతంలో ఒక కర్మాగారంలో పని చేస్తారు. మా వైపు చాలామందికి వలెనే ఆమెకు ఇంట తెలుగు, వీధిలో కన్నడం, పనిలో తమిళం. కొంగు సరిచేసుకుంటూ మెల్లగా అడిగారు: “అయివారూ, మా బిడ్డ తక్కిన మగపిల్లల మాదిరి లేడు. చెడ్డవాడు కాదు. వాని మాదిరి బిడ్డలుండే కథ ఏదైనా తెలుగులో ఉంటే ఇయ్యండి. వాడు చదువుకుంటాడు, నేనూ చదువుకుంటాను.”

ముప్పై ఏళ్లకు పైగా తెలుగు బోధిస్తున్నాను. నా బీరువాలో పంచతంత్రం ఉంది, మర్యాదరామన్న ఉన్నాడు, తెనాలి రామకృష్ణుడు ఉన్నాడు, దారంతో కట్టిన పాత చందమామలు ఉన్నాయి. ఆమె అడిగిన కథ మాత్రం లేదు. “వెదకి చెబుతానమ్మా” అని పంపివేశాను.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. అందుకు కారణం ఆమె ప్రశ్న ఒక్కటే కాదు. 1998లో, నేను ఉద్యోగంలో చేరిన తొలి సంవత్సరాలలో, ఏడవ తరగతిలో ఒక బాలుడు ఉండేవాడు. పాఠశాల వార్షికోత్సవంలో సత్యభామ వేషం కట్టి ఊరంతటినీ మెప్పించాడు. పెద్దలు చప్పట్లు కొట్టారు, ఒకరు వేదికపైకి వచ్చి పది రూపాయలు చదివించారు. మరునాటి నుండి తోటి పిల్లలు వానిని “ఆడంగి” అని పిలవసాగారు. ఒకనాడు నా తరగతిలో వాడు పద్యం చదువుతుండగా వెనుక బెంచీలు నవ్వాయి. నేను నవ్వినవారిని మందలించలేదు. “కొంచెం మగపిల్లవానివలె చదవరా” అని వానికే చెప్పాను. ఆనాటి తరువాత వాడు నా తరగతిలో నోరు విప్పి పద్యం చదవలేదు. ఎనిమిదవ తరగతిలో బడి మానివేశాడు. ఎందుకు మానివేశాడో అడగడానికి వాని ఇంటికి నేను వెళ్లలేదు.

తల్లికి ఇచ్చిన మాట కోసం ఈ వేసవిలో కొంత చదివాను. చదివినదానిని మీతో పంచుకొనడానికే ఈ వ్యాసం.

ముందుగా ఒక మాట స్పష్టం చేయాలి. తమవంటి లింగం వారిపట్లనే మనసు పోయేవారు, పుట్టినప్పుడు పెద్దలు చెప్పిన లింగం తమది కాదని ఎరిగినవారు, ఈ రెండు గడులలోనూ ఇమడనివారు, వీరందరినీ కలిపి ఆంగ్లంలో క్వీర్ అంటారు. ఒకనాడు అది తిట్టు. 1990 ప్రాంతంలో ఆ తిట్టును వారే చేతిలోకి తీసుకొని తమ పేరుగా మార్చుకున్నారు. మెత్తగా మాట్లాడే ప్రతి బాలుడూ, చెట్టెక్కే ప్రతి బాలికా ఈ కోవకు చెందినవారు కారు. 1998లో నా తరగతిలోని బాలుడు ఎవరో నేను నిర్ణయించజాలను. వాడు తన్ను తాను తెలుసుకొనేలోపే మేము వానికి పేరు పెట్టివేశాము. నేను చెప్పదలచినది ఆ తప్పును గురించే.

ముసుగు వేసుకొన్న కథలు

ఇట్టి పిల్లలు బాలల కథలలోకి నిన్న మొన్న వచ్చినవారు కారు. మనం చిన్నతనం నుండి చెప్పుకొంటున్న కథలలోనే ముసుగు వేసుకొని ఉన్నారు.

డెన్మార్క్ దేశపు హాన్స్ క్రిస్టియన్ ఆండర్సన్ 1805లో ఓడెన్సె పట్టణంలో జన్మించాడు. తండ్రి చెప్పులు కుట్టేవాడు, తల్లి బట్టలు ఉతికేది. బాల్యంలో అతనిని ఒక నేత మిల్లుకు పనికి పంపారు. అతని గొంతు సన్నగా, తీయగా ఉండేది. అక్కడి పనివాళ్లు పాట పాడించుకొన్నారు. ఆపైన “వీడు మగపిల్లవాడు కాదు, ఆడపిల్లే” అని కాళ్లూ చేతులూ పట్టుకొని గేలి చేశారు. పిల్లవాడు కేకలు పెడుతూ ఇంటికి పరుగెత్తాడు. ఈ సంగతిని అతడే తన ఆత్మకథలో వ్రాసుకొన్నాడు. పెద్దవాడైన తరువాత ఎడ్వర్డ్ కొలిన్ అనే మిత్రునికి అతడు వ్రాసిన ఉత్తరాలలో స్నేహం హద్దు దాటిన ఆర్తి కనిపిస్తుంది. 1836లో కొలిన్ వివాహం చేసుకొన్నాడు. 1837లో “చిన్న మత్స్యకన్య” కథ వెలువడింది. ప్రేమించినవానికి తన ప్రేమను చెప్పడానికి నోరు లేని ప్రాణి కథ అది. ఈ రెండింటికీ సంబంధం ఉన్నదని పలువురు పరిశోధకులు చెబుతారు. ఆండర్సన్‌కు ఈనాటి పేర్లు తగిలించవచ్చునా అనే వాదం వేరు. 1843లో వెలువడిన “అందవికారపు బాతుపిల్ల”ను మనం ఎన్ని తరగతులలో చెప్పలేదు! తన గుంపులో ఇమడక, ప్రతివారి చేతా పొడిపించుకొని పారిపోయిన ఆ పిల్ల వెనుక మిల్లు నుండి ఏడుస్తూ పరుగెత్తిన బాలుడు ఉన్నాడని తెలిస్తే, ఆ కథను చెప్పే తీరు మారుతుంది.

ఆస్కార్ వైల్డ్ సంగతి ఇంకా స్పష్టం. “సంతోష రాకుమారుడు” అనే ఆయన కథ మన దేశంలో ఏళ్ల తరబడి తొమ్మిదవ తరగతి ఆంగ్ల ఉపవాచకంలో ఉంటూ వచ్చింది. నగరం నడుమ నిలిచిన ఒక విగ్రహం, ఈజిప్టుకు ఎగిరిపోవలసిన ఒక స్వాలో పక్షి. రాకుమారుని కోసం ఆ పక్షి చలిలో ఉండిపోయి, అతనిని ముద్దాడి, అతని పాదాల చెంత ప్రాణం విడుస్తుంది. ఆ క్షణాన విగ్రహంలోని సీసపు గుండె పగులుతుంది. మనం దీనిని దానగుణం, కరుణ అని బోధించాం. అవి ఉన్నాయి. రెండు ప్రాణాల నడుమ ప్రేమ కూడా ఉంది, ఆ రెండింటినీ రచయిత మగవారిగానే చిత్రించాడు. ఈ కథ 1888లో వెలువడింది. ఏడేళ్ల తరువాత, 1895లో, పురుషులతో సంబంధం కలిగి ఉన్నాడన్న నేరానికి వైల్డ్‌కు రెండేళ్ల కఠిన కారాగార శిక్ష పడింది. 1900లో ప్యారిస్‌లో పేదరికంలో మరణించాడు.

అదే బ్రిటిష్ ప్రభుత్వం 1860లో మన దేశానికి ఇచ్చిన శిక్షాస్మృతిలో 377వ సెక్షన్ ఉండేది. అనగా వైల్డ్ కథ మన బడికి రాకముందే, వైల్డ్ వంటివారిని శిక్షించే చట్టం మన ఊరికి వచ్చి కూర్చున్నది.

పేరు పెట్టారు, శిక్ష కూడా వేశారు

ముసుగు లేకుండా ఇట్టి బాలుణ్ణి చూపిన తొలి ప్రసిద్ధ కిశోర నవల అమెరికాలో 1969లో వచ్చింది. జాన్ డానవన్ వ్రాసిన ఆ పుస్తకం పేరు “ఐల్ గెట్ దేర్. ఇట్ బెటర్ బీ వర్త్ ద ట్రిప్”. డేవీ అనే పదమూడేళ్ల బాలుడు, అతని తరగతి మిత్రుడు ఒకరినొకరు ముద్దాడుతారు. కొంతకాలానికి డేవీ ప్రాణప్రదంగా పెంచుకొన్న కుక్క కారు క్రింద పడి చనిపోతుంది. తాను చేసిన పనికే ఈ శిక్ష పడిందని పిల్లవాడు కుమిలిపోతాడు. పుస్తకం అతనిని నిందించదు. అయినా తరువాతి పదేళ్లలో వచ్చిన పలు పుస్తకాలలో ఇదే వరుస కనిపిస్తుంది. ఎవరో ఒకరు చావాలి, లేదా ఏదో ఒక ప్రమాదం జరగాలి. అట్టి కథ చదివిన పిల్లలు తామొక్కరే లేమని తెలుసుకొన్నారు. తమవంటివారికి మంచి ముగింపు ఉండదని కూడా నేర్చుకొన్నారు.

చిన్నపిల్లల బొమ్మల కథలు ఈలోగా మరొక దారి పట్టాయి. 1972లో షార్లట్ జోలొటోవ్ “విలియమ్స్ డాల్” వ్రాశారు. బొమ్మ కావాలని అడిగిన మగపిల్లవాని కథ అది. తండ్రి బంతి ఇస్తాడు, రైలుబండి ఇస్తాడు. చివరకు నాయనమ్మ బొమ్మను ఇస్తుంది. 1979లో టోమీ డిపావోలా వ్రాసి బొమ్మలు గీసిన “ఆలివర్ బటన్ ఈజ్ ఎ సిస్సీ” వచ్చింది. ఆలివర్‌కు ఆటల కంటే నాట్యం ఇష్టం. బడి గోడపై తోటి పిల్లలు వానిని ఆడంగి అని వ్రాస్తారు. ప్రదర్శన తరువాత అదే గోడపై ఆ మాట కొట్టివేసి వాడు “తార” అని ఎవరో వ్రాస్తారు. ఈ కథను రచయిత తన బాల్యం నుండే తీసుకొన్నాడు. దీనిని చదివినప్పుడు మా బడి గోడ నాకు గుర్తుకు వచ్చింది. మా గోడపై తిట్టును కొట్టివేసినవారు ఎవరూ లేరు. ఆ పని చేయవలసిన సుద్దముక్క నా చేతిలోనే ఉండేది.

1982లో నాన్సీ గార్డెన్ వ్రాసిన “యానీ ఆన్ మై మైండ్” ఈ వరుసను మార్చింది. పదిహేడేళ్ల ఇద్దరు బాలికల ప్రేమ కథ. ఇందులో ఎవరూ చావరు, చివరకు ఇద్దరూ ఒకరికొకరు దక్కుతారు. కథలో దెబ్బ తినేది వారిలో ఒకరి బడిలోని ఇద్దరు ఉపాధ్యాయినులు. కలిసి జీవిస్తున్నారని బయటపడి వారి ఉద్యోగాలు పోతాయి. 1993లో కాన్సాస్ నగర ప్రాంతంలో ఈ పుస్తకం ప్రతిని బహిరంగంగా తగులబెట్టారు. అక్కడి ఒలేథా పట్టణపు బడి గ్రంథాలయాల నుండి దీనిని తీసివేశారు. కొందరు విద్యార్థులు, వారి తల్లిదండ్రులు న్యాయస్థానానికి వెళ్లారు. పుస్తకాన్ని తిరిగి అరలలో పెట్టవలసినదని 1995లో తీర్పు వచ్చింది. తమ అరలో ఒక పుస్తకం ఉండాలని పిల్లలే వాదించి గెలిచారన్నది మనం గుర్తుంచుకోదగినది.

భయం చేసిన పని

ఇదే కాలంలో ఇంగ్లండులో జరిగినది ఉపాధ్యాయులమైన మనకు మరింత దగ్గర విషయం. సుసానె బోషె అనే డెన్మార్క్ రచయిత్రి తండ్రితోను, అతని సహచరునితోను కలిసి ఉండే ఒక చిన్నపిల్ల దినచర్యను ఫొటోలతో పుస్తకంగా చేశారు. దాని ఆంగ్ల రూపం 1983లో వచ్చింది. ఈ పుస్తకం లండన్‌లోని ఒక విద్యాధికార సంస్థ వద్ద ఉన్నదని పత్రికలు గగ్గోలు పెట్టాయి. ఆ గొడవ పెరిగి 1988లో సెక్షన్ 28 అనే చట్టం అయింది. స్వలింగ ప్రేమను స్థానిక ప్రభుత్వ సంస్థలు “ప్రోత్సహించరాదు” అన్నది దాని సారం. స్కాట్లండులో 2000లో, ఇంగ్లండు, వేల్స్‌లలో 2003లో దీనిని రద్దు చేశారు.

ఆ పదిహేనేళ్లలో ఈ చట్టం క్రింద ఒక్క ఉపాధ్యాయునిపైన కూడా కేసు నడవలేదు. చట్టం నేరుగా వర్తించినది స్థానిక సంస్థలకే, తరగతిలోని ఉపాధ్యాయునికి కాదు. అయినను ఉపాధ్యాయులు మౌనం వహించారు. గ్రంథాలయాల వారు పుస్తకాలు కొనడం మానుకొన్నారు. తోటివారు ఒక పిల్లవానిని ఆ తిట్టుతో ఏడిపిస్తుంటే, అడ్డుపడితే చట్టాన్ని మీరినట్లవునేమో అని పలువురు పెద్దలు ముఖం తిప్పుకొన్నారు. చట్టం చేయలేని పనిని భయం చేసింది. నన్ను 1998లో ఏ చట్టమూ ఆపలేదు. నన్ను ఆపినది “మనకెందుకులే” అన్న భయమే.

ఒక పీరియడులో చదవగల కథ

1994లో మారియన్ డేన్ బావర్ అనే బాల సాహిత్య రచయిత్రి సంపాదకత్వంలో “యామ్ ఐ బ్లూ?” అనే కథాసంపుటి అమెరికాలో వెలువడింది. “నేను నీలంగా ఉన్నానా?” అని చెప్పుకోవచ్చు. 16 కథలు. అన్నీ కిశోరప్రాయుల కోసమే క్రొత్తగా వ్రాయించినవి. నా అభిప్రాయంలో ఈ చరిత్రలో అతి ముఖ్యమైన మెట్టు ఇదే.

మొదటి కారణం, వ్రాసినవారు. లోయిస్ లోరీ, జేన్ యోలెన్, ఎం. ఇ. కెర్, జాక్వెలిన్ వుడ్సన్ వంటివారు ఇందులో ఉన్నారు. అమెరికా బాల సాహిత్యంలో పెద్ద గౌరవమైన న్యూబెరీ పతకాన్ని లోరీ ఆ సంవత్సరమే రెండవసారి అందుకొన్నారు. పిల్లలూ ఉపాధ్యాయులూ నమ్మే పేర్లు అవి. వారిలో కొందరు తామే క్వీర్, కొందరు కారు. “ఇది ఎవరో కొందరి గోడు కాదు, మన అందరి పిల్లల సంగతి” అని ఆ పేర్ల వరుసే చెప్పింది.

రెండవ కారణం, కథల తీరు. సంపుటికి పేరు ఇచ్చిన బ్రూస్ కోవిల్ కథలో, తోటివాని చేతిలో దెబ్బలు తిన్న ఒక బాలుని ఎదుట ఒక దేవత ప్రత్యక్షమవుతాడు. వరాలు కోరుకొమ్మంటాడు. బాలుడు చమత్కారమైన వరం కోరుతాడు: స్వలింగ ప్రేమికులందరూ ఒక్కరోజు నీలంగా కనిపించాలి. తెల్లవారేసరికి వీధులలో, టీవీ తెరపైన, బడిలో ఎక్కడ చూచినా నీలం ఛాయలు. కొందరు లేత నీలం, కొందరు ముదురు నీలం. ఎవరూ ఊహించనివారు నీలమే. బాలుణ్ణి కొట్టినవాడూ నీలమే. నవ్వుతూ చదివించే కథ ఇది. 1969 నాటి కథలో పిల్లవాడు ఏడ్చాడు, ఈ కథలో చదివే పిల్లవాడు నవ్వుతాడు. పాతికేళ్లలో వచ్చిన మార్పు అది.

ఎం. ఇ. కెర్ కథలో ఒక బాలిక తన మనసులోని మాటను తల్లి కంటే ముందు అవ్వకు చెబుతుంది. ఆ అవ్వ యూదురాలు. యూదుల పట్ల లోకం చూపిన ద్వేషం ఆమె ఎరిగినదే. అందువలన ఆమెకు వెంటనే అర్థమవుతుంది, తల్లికి కాదు. సరిహద్దు జిల్లాల తెలుగువారమైన మనకు ఈ కథ వేరే చెవితో వినిపిస్తుంది. బడిలో తన ఇంటిభాష వినిపిస్తే నవ్వుతారని పెదవి బిగించుకొనే పిల్లలను మనం ఏటా చూస్తున్నాము. తల్లి బడికి వస్తే తెలుగులో పలకరిస్తుందేమోనని దూరంగా తప్పుకొనే పిల్లలనూ చూశాము. ఒకదానిని దాచుకొని బ్రతకడం ఎంత బరువో మనకు తెలుసు. తెలిసినవారమే మరొకరి బరువును ఎగతాళి చేయరాదు.

మూడవ కారణం, ప్రక్రియ. నవలను పిల్లవాడు ఇంటికి మోసుకుపోవాలి, అట్ట నలుగురికీ కనిపిస్తుంది. కథ అట్లు కాదు. నలభై నిమిషాల పీరియడులో ఉపాధ్యాయుడు చదివి వినిపించగలడు. పదహారు కథలలో ఒక కథ కాబట్టి, దానిని ఏ బిడ్డ ఎందుకు వింటున్నాడో ఎవరికీ తెలియదు. కావలసిన బిడ్డ వింటాడు, అవసరం లేని బిడ్డ ప్రక్కవానిని అర్థం చేసుకొంటాడు. ఎవరినీ వేలెత్తి చూపకుండా అందరికీ ఒకేసారి చేరగలిగినది చిన్న కథ ఒక్కటే.

ఆ బలం ఎరిగినందుకే కాబోలు, కథల సంపుటాలపైన దాడులు నేటికీ జరుగుతున్నాయి. హంగరీలో 2020లో “మెషెఒర్సాగ్ మిందెన్కియె” అనే సంపుటి వచ్చింది. “కథల దేశం అందరిది” అని అర్థం. పాత జానపద కథలను తిరగవ్రాసిన 17 కథలలో రోమా జాతి పిల్లలు, వికలాంగులైన పిల్లలు, క్వీర్ పాత్రలు ఉన్నారు. ఒక పార్లమెంటు సభ్యురాలు పత్రికలవారి ఎదుట దాని పుటలను యంత్రంలో వేసి చీల్చివేశారు. దాని ఫలితంగా పుస్తకం మరింత అమ్ముడుపోయింది. 2021లో అక్కడి ప్రభుత్వం పద్దెనిమిదేళ్లలోపు వారికి ఇట్టి విషయాలు చూపరాదని చట్టం చేసింది. ఇంగ్లండు 2003లో వదిలించుకొన్న పొరపాటును మరొక దేశం పద్దెనిమిదేళ్ల తరువాత ఎత్తుకొన్నది. కనుక ఈ చరిత్ర ఎప్పుడూ ముందుకే నడుస్తుందని అనుకొనరాదు.

మన దేశంలో

మన న్యాయస్థానాల నడక మీకు తెలిసినదే. 2009 జూలైలో ఢిల్లీ హైకోర్టు 377వ సెక్షన్‌ను సడలించింది. 2013 డిసెంబరులో సుప్రీంకోర్టు ఆ తీర్పును త్రోసిపుచ్చింది. 2014 ఏప్రిల్ 15న ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల లింగ గుర్తింపు హక్కును అదే సుప్రీంకోర్టు అంగీకరించింది. 2018 సెప్టెంబరు 6న ఐదుగురు న్యాయమూర్తులు ఏకగ్రీవంగా, పరస్పర అంగీకారం గల వయోజనుల ప్రేమ నేరం కాదని తేల్చారు.

విశేషం ఏమనగా, చట్టం తిరిగి బిగుసుకొన్న మరుసటి ఏడు, 2014లోనే మన దేశంలో ఆంగ్లంలో రెండు కిశోర నవలలు వచ్చాయి. హిమాంజలి శంకర్ వ్రాసిన “టాకింగ్ ఆఫ్ ముస్కాన్”, పాయల్ ధర్ వ్రాసిన “స్లైట్లీ బర్న్ట్”. మొదటిది ఒక బాలిక ఆత్మహత్యకు ప్రయత్నించిన వార్తతో ఆరంభమై, ఆమె సహాధ్యాయుల నోట సాగుతుంది. కథ చెప్పేది తోటి పిల్లలే కావడం వలన తరగతిలో ఎవరు ఏమి చేశారు, ఎవరు చేయక ఊరకున్నారు అన్నది చదువరి ముందుకు వస్తుంది.

నాకు కావలసిన కథ మాత్రం చిన్నదిగా దొరికింది. కనక్ శశి వ్రాసి బొమ్మలు వేసిన “గుఠ్లీ హాజ్ వింగ్స్” అనే పుస్తకాన్ని చెన్నైలోని తూలికా ప్రచురణలవారు 2019లో వెలువరించారు. గుఠ్లీ అనగా హిందీలో టెంక. ఇంటివారు గుఠ్లీని మగపిల్లవాడంటారు. తాను ఆడపిల్లనని గుఠ్లీకి తెలుసు. పండుగనాడు అక్క గౌను వేసుకొంటే ఇంట్లో కోప్పడతారు. అప్పటిదాకా గలగలలాడే పిల్ల మౌనమైపోతుంది. చివరకు ఆ మౌనాన్ని చూడలేక తల్లే ఒక గౌను తెచ్చి ఇస్తుంది. అంతే కథ. ఇందులో ఉపన్యాసం లేదు. బిడ్డ మాట్లాడడం మానివేస్తే ఇల్లు ఎట్లుంటుందో చూపి ఊరుకొంటుంది. 2021లో హర్షల గుప్తె వ్రాసిన “ద బాయ్ ఇన్ ద కబర్డ్” కూడా ఇట్టిదే. బీరువాలో దాక్కొనే కరణ్ అనే బాలుణ్ణి తల్లి కనుగొని దగ్గరకు తీసుకొంటుంది.

అదే 2021లో ట్రాన్స్‌జెండర్ పిల్లలను బడిలో ఎట్లు కలుపుకోవాలో ఉపాధ్యాయులకు వివరించే ఒక శిక్షణ గ్రంథాన్ని ఎన్‌సీఈఆర్‌టీ తన వెబ్‌సైటులో పెట్టింది. అభ్యంతరాలు రాగా కొద్దిరోజులలోనే తొలగించింది. మనవంటి ఉపాధ్యాయులకు దారి చూపే పుస్తకం అట్లు మాయమైంది.

మన తెలుగులో

తెలుగులో ఏమున్నదని మీరు అడుగుతారు. మూలధనం కావలసినంత ఉంది.

వ్యాసభారతం ఉద్యోగపర్వంలో శిఖండి కథ చూడండి. ద్రుపదుని ఇంట ఆడపిల్లగా పుట్టి మగబిడ్డగా పెరిగినది శిఖండి. పెళ్లి తరువాత సంగతి బయటపడి, వియ్యంకుడు యుద్ధానికి సిద్ధపడతాడు. తనవలన తల్లిదండ్రులకు ఆపద వచ్చెనే అని శిఖండి ప్రాణం విడువదలచి అడవికి పోతుంది. అక్కడ స్థూణాకర్ణుడనే యక్షుడు అడ్డుపడతాడు. కారణం అడుగుతాడు, తన పురుషరూపాన్ని ఇచ్చి ప్రాణం నిలుపుతాడు. మనం శిఖండిని భీష్ముని బాణాల ఎదుట నిలిచిన పాత్రగానే పిల్లలకు చెబుతాము. చావబోయి అడవి చేరిన బిడ్డగా ఎన్నడూ చెప్పము. ఆ బిడ్డను “ఎందుకు ఏడుస్తున్నావు?” అని అడిగిన యక్షుడే ఆ కథలో నిజమైన గురువు.

విరాటపర్వం తెలుగువారికి మరీ చనువు. వానలకోసం విరాటపర్వం చదివించిన జాతి మనది. ఉత్తరకు ఆటపాటలు నేర్పిన బృహన్నలను మన కుర్రకారు తిట్టుగా వాడుతుంటారు. కాని మన సామెత ఎవరిని వెక్కిరించింది? “ఉత్తరకుమార ప్రగల్భాలు” అన్నది. మగతనం చాటి, సేన కనబడగానే రథం దిగి పరుగెత్తినవానిని వెక్కిరించింది కాని, వానిని పట్టి తెచ్చి ధైర్యం చెప్పిన బృహన్నలను కాదు. మన పూర్వుల హాస్యం మన తరగతి హాస్యం కంటే న్యాయంగా ఉంది.

రంగస్థలాన్ని తీసుకొన్నా అంతే. స్త్రీ పాత్రలకు పేరుపొందిన స్థానం నరసింహారావుగారికి 1956లో పద్మశ్రీ ఇచ్చారు. కూచిపూడి సత్యభామగా లోకం మెచ్చిన వేదాంతం సత్యనారాయణ శర్మగారు 2012లో పరమపదించారు. అది కళ, వారి స్వంత జీవితాలను గురించి దానినుండి ఏమీ ఊహించరాదు. నేను అనేది వేరు. వేదికపైన సుకుమారానికి హారతి పట్టే మనమే, తరగతిలో సుకుమారమైన పిల్లవానిని బ్రతకనీయము.

ఇటీవలి సాహిత్యంలో ఒక గట్టి అడుగు పడింది. తమిళనాడులోని నామక్కల్ ప్రాంతంలో పుట్టిన ఎ. రేవతిగారి స్వీయకథను పి. సత్యవతిగారు “ఒక హిజ్రా ఆత్మకథ” పేర తెలుగు చేశారు. దానికి 2019 సాహిత్య అకాడమీ అనువాద పురస్కారం వచ్చింది. ఆడపిల్లవలె నడుస్తున్నాడని ఇంటా బడిలోనూ దెబ్బలు తిన్న బాల్యం అందులో ఉంది. అది పెద్దలు చదవవలసిన పుస్తకం. ఉపాధ్యాయులు తప్పక చదవాలి. పిల్లల చేతిలో పెట్టవలసిన చిన్న కథలు మనమే వ్రాసుకోవాలి.

దానికి ముందు మాటలు కావాలి. తమిళంలో ఒకప్పుడు తిట్లే ఉండేవి. గత రెండు దశాబ్దాలలో “తిరునంగై” అనే గౌరవపదం వాడుకలోకి వచ్చింది. 2008లో తమిళనాడు ప్రభుత్వం ట్రాన్స్‌జెండర్ సంక్షేమ మండలిని నెలకొల్పింది. 2022లో, మద్రాసు హైకోర్టు చొరవతో, ఇట్టి వారిని గౌరవంగా పిలిచే పదాల పట్టికను ప్రకటించింది. మా బడిలో పిల్లలు తమిళ వాచకంలో గౌరవపదం నేర్చుకొని, తెలుగు పీరియడులో “ఆడంగి” అనే తిట్టుకు నవ్వితే, మన భాష చిన్నబోయినట్లే కదా! తెలుగును నిలుపుకోవడం కోసం ఇంత శ్రమపడుతున్న మనం, ఏ బిడ్డనైనా నొప్పించే తెలుగును నిలుపుకోరాదు.

చేయదగినవి

నేను ఈ ఏడాది నాకై పెట్టుకొన్న నియమాలు నాలుగు. తరగతిలో ఆ తిట్టు వినిపిస్తే పాఠం ఆపి ఖండించడం. శిఖండి, బృహన్నల కథలను వెకిలితనం లేకుండా చెప్పడం. నెలకొక పీరియడు ఇట్టి కథ ఒకటి, తక్కిన కథలతో కలిపి చదవడం. ఏ బిడ్డయినా నమ్మి తన మనసు చెబితే, ఆ బిడ్డ అనుమతి లేక ఆ మాటను ఉపాధ్యాయుల గదికి గాని, ఇంటికి గాని చేర్చకపోవడం. నాలుగవది అన్నిటికంటే ముఖ్యం. తొందరపడి ఇంట చెప్పడం వలన బిడ్డ వీధిన పడవచ్చు.

తల్లిదండ్రులకు ఒక్క మనవి. మీ బిడ్డ గలగల మాట్లాడేది హఠాత్తుగా మౌనమైతే, మార్కుల సంగతి తరువాత, ముందు ప్రక్కన కూర్చోండి.

బడి తెరచిన రెండవ వారంలో గుఠ్లీ కథను నా మాటలలో తెలుగున చెప్పాను. తరగతిలో నవ్వు ఒకటి రెండు చోట్ల పుట్టి, ఆగిపోయింది. ఆ తల్లి బిడ్డ కిటికీ ప్రక్క కూర్చొని విన్నాడు. వానివైపు నేను చూడలేదు, చూడరాదని ముందే అనుకొన్నాను. తల్లి గౌను తెచ్చి ఇచ్చినదాకా చెప్పి ఆపాను. ముందు బెంచీలోని ఒక చిన్నది చేయి ఎత్తి అడిగింది: “మరుసనాడు గుఠ్లీ బడికి పోతే అయివారు ఏమన్నారు?”

1998లో ఒక అయివారు ఏమన్నాడో నాకు తెలుసు. ఆ చిన్నదానికి “రేపు చెబుతాను” అన్నాను. ఆ తరువాయి కథను ఇప్పుడు తెలుగులో వ్రాస్తున్నాను. మీలో ఎవరైనా ఇట్టి కథ వ్రాస్తే దయచేసి పంపండి, మా తరగతిలో చదివి వినిపిస్తాను.